వద్దనడమూ, వద్దంటే వినడమూ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం కౌమారంలో ఉన్న పిల్లల స్నేహాల గురించి, ఆకర్షణల గురించి, వాటి విషయంలో పెద్దలు ఏం చేయాలన్న దాని గురించి వచ్చాయి. రాసినవారి పేర్లు తీసివేసి, ప్రశ్నలను కొంత కుదించి ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతాను. ఇంట్లో మాట్లాడే భాష, మతం, ఆస్తిపాస్తులు, కుటుంబం, దేనిలో చూసినా ఒకరితో ఒకరికి పోలిక లేని పిల్లలు మా తరగతిలో ఉన్నారు. ఒకరి ఇంట్లో అందరూ గట్టిగా వాదించుకుంటారు, మరొకరి ఇంట్లో పెద్దల ముందు పిల్లలు నోరు విప్పరు. కొందరు తల్లి దగ్గరో తండ్రి దగ్గరో మాత్రమే పెరుగుతున్నారు, ఇద్దరు వసతిగృహం నుంచి వస్తారు. ‘ఆరోగ్యకరమైన సంబంధాలు’ అనే అంశంపై వారానికి ఒక పీరియడ్ తీసుకునే బాధ్యత నాకు అప్పగించారు. ఎవరి ఇంటి పద్ధతిని ప్రమాణంగా పెట్టుకుని చెప్పాలి? ఏం చెప్పినా ఎవరో ఒకరి ఇంటిని తప్పుపట్టినట్టు అవుతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: మీ భయం సమంజసమైనదే. ఆ భయం లేకుండా ఈ పాఠం మొదలుపెట్టేవారి గురించే నాకు ఎక్కువ బెంగ. ఎవరి ఇంటి పద్ధతినీ ప్రమాణంగా పెట్టుకోవద్దు, మీ ఇంటిది కూడా. కుటుంబాల మధ్య కనిపించే తేడాలు చాలావరకు తీరుకు సంబంధించినవి. ప్రేమను ఒకరు మాటల్లో చెబుతారు, మరొకరు పని చేసిపెట్టి చూపిస్తారు. కోపం వస్తే ఒక ఇంట్లో గొంతులు లేస్తాయి, ఇంకో ఇంట్లో రెండు రోజులు మాటలుండవు. గౌరవం చూపాలంటే ఒకచోట ఎదుటివారి కళ్లలోకి చూసి మాట్లాడాలి, మరోచోట చూపు దించుకోవాలి. వీటిని మంచివనో చెడ్డవనో తేల్చవలసిన పని మీకు లేదు. ఏ ఇంట్లోనైనా మారకూడనివి మాత్రం కొన్ని ఉన్నాయి: అవతలి మనిషికి భయపడుతూ బతకవలసి రాకూడదు, ఇష్టం లేనిదాన్ని ఇష్టం లేదని చెప్పగలగాలి, అలా చెప్పినందుకు శిక్ష అనుభవించకూడదు, తన శరీరం మీద, తన సమయం మీద, తన స్నేహాల మీద ఎవరి హక్కు వారికి ఉండాలి. మీరు పట్టుకోవలసింది ఈ హద్దులను, తీరును పిల్లలకే వదిలేయండి. ఈ తేడా మీ మనసులో స్పష్టంగా ఉంటే, “ఇంట్లో గట్టిగా మాట్లాడుకోవడం తప్పా టీచర్?” అని ఎవరైనా అడిగినప్పుడు తడబడరు. గొంతు ఎంత పెద్దదన్న దానికంటే, ఆ గొంతు విన్న తర్వాత కూడా అవతలివారు తమ మాట తాము చెప్పగలుగుతున్నారా లేదా అన్నది ముఖ్యమని చెప్పగలుగుతారు.

ఇక ఎలా చెప్పాలన్న విషయానికి వస్తే, నిర్వచనాలతో మొదలుపెట్టకండి. నమ్మకం, గౌరవం, నిజాయితీ అని బోర్డు మీద రాస్తే పిల్లలు వాటిని నోట్సులోకి ఎక్కించుకుంటారు, పరీక్షలో రాస్తారు, అంతటితో సరి. ఒక చిన్న సన్నివేశం తీసుకోండి. ఒక అమ్మాయి నోట్సును స్నేహితురాలు వారం వారం అడిగి పట్టుకెళ్తుంది, తిరిగివ్వడం మాత్రం ఆలస్యం చేస్తుంది. ఈసారి ఇవ్వడం ఆ అమ్మాయికి ఇష్టం లేదు. ఇద్దరు పిల్లలను ముందుకు పిలిచి రెండు నిమిషాలు మాట్లాడించండి. మొదటిసారి చాలావరకు ఒకటే జరుగుతుంది: ఇవ్వకూడదనుకున్న పిల్ల నవ్వేసి, ఏదో సాకు చెప్పబోయి, చివరికి ఇచ్చేస్తుంది, లేదంటే ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది. అక్కడ ఆపి మిగతావారిని అడగండి. ఆమె గొంతు ఎక్కడ తగ్గింది? అవతలి పిల్ల ఏ మాటతో ఆమెను మెత్తబరిచింది? “మనం స్నేహితులం కాదా?” అన్న మాటను ఎవరో ఒకరు తప్పకుండా పట్టుకుంటారు. మళ్లీ చేయించండి, జంటలు మార్చి ఇంకోసారి చేయించండి. అలా చేయగా చేయగా, “ఈసారి ఇవ్వలేను, సాయంత్రం నాకే కావాలి. రేపు మధ్యాహ్నం ఇద్దరం కలిసి కూర్చుని రాసుకుందాం” అన్న వాక్యం ఒక పిల్ల నోటి నుంచి తనంతట తానే వస్తుంది. ఆ వాక్యం నోటికి అలవాటైతే, కొన్నేళ్ల తర్వాత నోట్సుకు బదులు ఫోటో అడిగే మనిషి ఎదురైనప్పుడు కూడా మాట కోసం వెతుక్కోవలసిన అవసరం రాదు.

ఇంత అభ్యాసం ఎందుకని మీ తోటి ఉపాధ్యాయులు అడగవచ్చు. కౌమారంలో భావోద్వేగాలకు, ఉత్సాహానికి సంబంధించిన మెదడు భాగాలు ముందే చురుకవుతాయి. ఆలోచించి ఆగమని చెప్పే ముందరి భాగం మాత్రం ఇరవైల మధ్యదాకా ఎదుగుతూనే ఉంటుంది. తోటివారు చూస్తున్నారంటే ఈ అంతరం మరింత పెరుగుతుంది. మనస్తత్వ పరిశోధకులు మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టెయిన్‌బర్గ్ 2005లో ప్రచురించిన ప్రయోగంలో, తెర మీద కారు నడిపే ఆట ఆడిన 13–16 ఏళ్ల పిల్లలు, ఒంటరిగా ఉన్నప్పటికంటే స్నేహితులు పక్కన ఉన్నప్పుడు చాలా ఎక్కువ సాహసాలకు దిగారు; పెద్దవారిలో అలాంటి తేడా కనిపించలేదు. అసలు సందర్భం ఎదురైనప్పుడు తెలిసినది కూడా గుర్తుకు రాని వయసు ఇది. కాబట్టి మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే మాటలను నోటికి అలవాటు చేయించాలి.

ఇది ఊహ మాత్రమే కాదనడానికి ఒక ఆధారం చెబుతాను. కెనడాలోని ఒంటారియోలో డేవిడ్ వుల్ఫ్ బృందం 20 పాఠశాలల్లో, 14–15 ఏళ్ల వయసున్న 1,700 మందికి పైగా విద్యార్థులతో ఒక అధ్యయనం చేసి, 2009లో ఫలితాలు ప్రచురించింది. సగం పాఠశాలల్లో శిక్షణ పొందిన ఉపాధ్యాయులే ఆరోగ్యకరమైన సంబంధాల గురించి 21 పాఠాలు చెప్పారు, వాటిలో నటించి సాధన చేయడానికి పెద్ద పీట వేశారు. రెండున్నర ఏళ్ల తర్వాత చూస్తే, ప్రేమ సంబంధంలో ఉన్న వ్యక్తిపై చేయి చేసుకున్నామని చెప్పినవారు మామూలు పాఠశాలల్లో 9.8 శాతం, ఈ పాఠాలు విన్న పాఠశాలల్లో 7.4 శాతం. ప్రభావం మగపిల్లల్లో ఎక్కువగా కనిపించింది. సంఖ్యల్లో తేడా చిన్నదిగానే అనిపించవచ్చు, కానీ మామూలు తరగతి గదిలో, మామూలు ఉపాధ్యాయులు, కొద్దిపాటి పీరియడ్లలో సాధించినది అది. మీకు అప్పగించిన వారానికి ఒక పీరియడ్ తక్కువేమీ కాదు.

వద్దని చెప్పే విధానం కూడా ఒక్కటే ఉండనక్కరలేదు. అమెరికాలోని అరిజోనాలో వేర్వేరు నేపథ్యాల పిల్లలు చెప్పిన అనుభవాల ఆధారంగా రూపొందించిన ఒక కార్యక్రమంలో, మత్తుపదార్థాలు తీసుకోమని ఒత్తిడి చేసేవారిని ఎదుర్కోవడానికి నాలుగు దారులు నేర్పుతారు: సూటిగా కాదనడం, కారణం చెప్పి తప్పుకోవడం, అలాంటి సందర్భానికే దూరంగా ఉండడం, అక్కడి నుంచి లేచి వెళ్లిపోవడం. ఈ నాలుగూ స్నేహాలకూ ప్రేమలకూ కూడా పనికొస్తాయి. పెద్దవారి ముందు సూటిగా కాదనడం అమర్యాద అని విని పెరిగిన పిల్లకు మొదటి దారి ఒక్కటే నేర్పితే, ఆమె ఏదీ చేయలేక ఊరుకుండిపోతుంది. తనకు నప్పే దారిని ఎంచుకోనిస్తే అదే పిల్ల తనను తాను కాపాడుకోగలదు.

మన పాఠాలన్నీ వద్దని చెప్పడం దగ్గరే ఆగిపోతుంటాయి. వద్దన్న మాటను వినడం నేర్పేవారు చాలా తక్కువ. నా దృష్టిలో అసలైన పాఠం అది, అబ్బాయిలకైనా అమ్మాయిలకైనా. అందుకే సన్నివేశంలో అడిగే పాత్రకు కూడా అంతే సమయం ఇవ్వండి. కాదనిపించుకున్నప్పుడు ముఖం ఎలా మాడింది, కడుపులో ఏమైంది, వెంటనే ఏం అనాలనిపించింది అని అడగండి. “సరేలే, పర్వాలేదు” అని నిజంగా అర్థం వచ్చేలా చెప్పి, ముఖం ముడుచుకోకుండా, మళ్లీ అరగంటకు అదే విషయం ఎత్తకుండా ఉండడం ఎంత కష్టమో వాళ్లకే తెలుస్తుంది. మౌనం ఒప్పుకోలు కాదనీ, ఒకసారి సరేనన్నవారు తర్వాత మనసు మార్చుకోవచ్చనీ, పదిసార్లు అడిగించుకుని అన్న ‘సరే’ నిజమైన సరే కిందికి రాదనీ చెప్పవలసింది కూడా ఈ సందర్భంలోనే.

తరగతిలోని పిల్లలు ఒకరితో ఒకరు కలవకపోతే ఇవన్నీ పైపైనే మిగిలిపోతాయి. దీనికి పాతదే అయినా చక్కటి పద్ధతి ఒకటుంది. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో, వేర్వేరు జాతుల పిల్లలను ఒకే బడిలో చేర్చినప్పుడు తరగతి గదుల్లో వైరం పెరిగితే, ఇలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వవేత్త పిల్లలను చిన్న జట్లుగా చేసి, పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాడు. ఎవరి ముక్క వారు నేర్చుకుని మిగతావారికి చెబితేనే జట్టుకు పూర్తి పాఠం వస్తుంది. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని పిల్లవాడి మాటను మిగతావారు శ్రద్ధగా వినక తప్పని పరిస్థితి ఏర్పడింది. పిల్లల మధ్య ఇష్టాలు పెరిగాయి, పక్షపాతం తగ్గింది. మీరు కూడా ఒక సన్నివేశాన్ని ముక్కలు చేసి, ఒకరికి ఒక పాత్ర దృష్టి, మరొకరికి ఇంకో పాత్ర దృష్టి ఇచ్చి, చివరికి అందరూ కలిసి ఒక పరిష్కారం చెప్పాలని పెట్టవచ్చు.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఎవరినీ తమ ఇంటి విషయం చెప్పమని అడగవద్దు, పాత్రలన్నీ కల్పితాలే కావాలి. మాట్లాడకుండా పక్కకు తప్పుకునే హక్కు ప్రతి పిల్లకూ ఉందని మొదటి రోజే చెప్పండి. పేరు రాయకుండా ప్రశ్నలు వేయడానికి ఒక పెట్టె పెట్టండి, ప్రశ్న ఉన్నా లేకపోయినా అందరూ ఒక చీటీ వేయాలంటే, ఎవరు రాశారో ఎవరికీ అనుమానం రాదు. ఎవరైనా తమకు హాని జరుగుతోందని చెబితే ఆ విషయం మీ దగ్గరే దాచలేరని, సాయం చేయగలవారికి చెప్పవలసి వస్తుందని కూడా ముందే చెప్పడం న్యాయం. సన్నివేశాలన్నీ అబ్బాయి, అమ్మాయి జంటలతోనే నింపకండి, అందరి ఆకర్షణలూ ఒకే తీరుగా ఉండవు, కొందరికి ఆ వయసులో ఏ ఆకర్షణా ఉండదు. తరగతిలో వైకల్యం ఉన్న పిల్లలుంటే వాళ్లకు ఇవన్నీ ఎందుకులే అని పక్కన పెట్టవద్దు. ఇతరుల సాయంతో రోజులు గడిపే పిల్లలకు తమ శరీరం మీద తమ హక్కు గురించి మరింత వివరంగా తెలియాలి. తల్లిదండ్రులకు పాఠాల ప్రణాళికను ముందుగానే చూపించండి. తెరిచి చూపించిన తర్వాత చాలామంది అభ్యంతరాలు తగ్గుతాయి.

ప్రశ్న: ప్రేమలు, ఆకర్షణలు అంటూ బడిలో పాఠాలు చెబితే పిల్లలకు లేనిపోని ఆలోచనలు రేకెత్తించినట్టు కాదా? మా తరానికి ఇవేవీ ఎవరూ నేర్పలేదు, మేం బాగానే బతికాం. మా మనవరాలి బడిలో ఇది మొదలుపెట్టారని విని రాస్తున్నాను.

జవాబు: మీ సందేహం చాలామంది పెద్దలది, అది పిల్లల మీది ప్రేమ నుంచే పుట్టింది. యునెస్కో 2009లో విడుదల చేసి, 2018లో సవరించిన లైంగిక విద్య మార్గదర్శకాల కోసం అనేక దేశాల అధ్యయనాలను పరిశీలించారు. ఇలాంటి విద్య వల్ల పిల్లలు తొందరపడి శారీరక సంబంధాలలోకి వెళ్తారన్న భయానికి ఆధారం దొరకలేదు. మరోవైపు, చెప్పకపోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెల్లడించిన విశ్లేషణ ప్రకారం, ప్రేమలోనో పెళ్లిలోనో ఉన్న 15–19 ఏళ్ల అమ్మాయిలలో దాదాపు నాలుగో వంతు మంది తమ భాగస్వామి చేతిలో శారీరక లేదా లైంగిక హింసను ఎదుర్కొన్నారు. ఆ ఆలోచనలను మనం రేకెత్తించనక్కరలేదు, వయసే రేకెత్తిస్తుంది, మిగతాది ఫోన్ చూపిస్తుంది. మీ తరానికి పాఠం పేరుతో ఎవరూ నేర్పకపోయినా, ఎవరినో ఒకరిని చూసి మీరు నేర్చుకునే ఉంటారు. ఎవరితోనైనా మాట పట్టింపు వచ్చి, తర్వాత మీరే ముందుగా వెళ్లి పలకరించిన సంఘటన ఉంటే, దాన్ని మీ మనవరాలికి చెప్పండి. బడిలో ఆమె వినే పాఠానికి దానికి మించిన అనుబంధం ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. తోటి విద్యార్థిని ఒక అమ్మాయితో చనువుగా ఉంటాడు. అనుకోకుండా వాడి ఫోన్‌లో మెసేజ్‌లు నా కంటపడ్డాయి. “ఎక్కడున్నావు”, “పక్కన ఎవరున్నారు”, “ఫోటో తీసి పంపు, అప్పుడు నమ్ముతాను”, “వాడితో మాట్లాడకు”, చివరికి “నువ్వు జవాబు ఇవ్వకపోతే నన్ను నేను ఏం చేసుకుంటానో నాకే తెలియదు” అని కూడా ఉంది. వాడు మంచి పిల్లవాడు, ఎవరినీ ఒక్క మాట అనడు. ఇదే ప్రేమ అనుకుంటున్నాడు. దండించాలా, చూడనట్టు ఊరుకోవాలా?

జవాబు: అమ్మా, ఇలాంటి విషయాలలో నాకు సాధారణంగా అమ్మాయిల తల్లులు రాస్తారు. మీరు అటువైపు నుంచి చూసి, మీ బిడ్డ చేస్తున్న పనికి భయపడి రాశారు. అందుకు ముందుగా మీకు నమస్కారం.

ఊరుకోకండి, దండించనూ వద్దు. మీ అబ్బాయి మంచివాడన్నదీ నిజం కావచ్చు, ఆ మెసేజ్‌లు ఆ అమ్మాయిని ఉక్కిరిబిక్కిరి చేస్తున్నాయన్నదీ నిజమే. ఈ రెండింటినీ కలిపి పట్టుకోగలిగితేనే వాడితో మాట్లాడగలరు. భాగస్వామిని అదుపులో పెట్టుకునే తీరులను అమెరికాలోని డులూత్ పట్టణంలో 1980లలో బాధిత స్త్రీలతో మాట్లాడి ఒక చక్రం బొమ్మగా గీశారు. కొట్టడం ఆ చక్రానికి అంచున మాత్రమే ఉంటుంది, లోపలంతా బెదిరించడం, అందరి నుంచి వేరు చేయడం, ఎక్కడికి వెళ్తోంది ఎవరితో మాట్లాడుతోంది అని కాపలా కాయడం, తప్పంతా నీదే అనిపించడం వంటివే ఉంటాయి. మీరు రాసిన ఐదు మెసేజ్‌లలో కనీసం మూడు ఆ లోపలి భాగానికే చెందుతాయి. చేయి ఎత్తలేదు కదా అని తేలిగ్గా తీసుకునే విషయం కాదిది.

వాడితో మాట్లాడేటప్పుడు ఫోన్ చూసిన సంగతి దాచకండి. “నీ ఫోన్‌లో ఈ మెసేజ్‌లు నా కంటపడ్డాయి. చూశాక నిద్ర పట్టలేదు. నిన్ను తిట్టడానికి రాలేదు, కానీ దీని గురించి మనం మాట్లాడుకోవాలి” అని మొదలుపెట్టండి. “నువ్వెప్పుడూ ఇంతే” అన్న మాటలతో మొదలైతే వాడు తనను తాను సమర్థించుకోవడంలోనే ఉంటాడు. తర్వాత ఒక్క ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి: మెసేజ్ పంపాక జవాబు రాని ఆ పది నిమిషాలలో నీకు ఏమవుతుంది? చాలామంది మగపిల్లలను ఈ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. వదిలేసి వెళ్లిపోతుందేమోనన్న భయం, ఎవరికంటేనో తాను తక్కువన్న బెంగ, స్నేహితుల ముందు చులకనవుతానన్న సిగ్గు, ఇలాంటివి బయటికి వస్తాయి. ఆ భయం వాడిదనీ, దాన్ని మోయవలసిన పని ఆ అమ్మాయిది కాదనీ మెల్లగా చెప్పండి. అసూయ ఎంత ఎక్కువైతే ప్రేమ అంత గొప్పదన్న మాట వాడు స్నేహితుల దగ్గరో తెర మీదో వందసార్లు విని ఉంటాడు. కాదని చెప్పిన మనిషి మీరే మొదటివారు కావచ్చు. భయం వేసినప్పుడు మెసేజ్ పంపడానికి బదులు ఏం చేయవచ్చో కూడా ఇద్దరూ ఆలోచించండి. కాసేపు నడిచి రావడమో, ఫోన్ మీ చేతికి ఇచ్చి ఆడుకోవడానికి వెళ్లడమో, ఏదైనా సరే, వాడు తనంతట తాను చెప్పినదే నిలుస్తుంది.

చివరి మెసేజ్ విషయం వేరుగా చూడాలి. అందులో రెండున్నాయి. అది ఆ అమ్మాయి మీద పెట్టిన బరువు. ఒక మనిషి ప్రాణానికి తాను జవాబుదారీ అన్న భావన పడితే ఆమె ఇష్టం లేకపోయినా ఆ సంబంధంలో ఉండిపోతుంది. అదే సమయంలో మీ అబ్బాయి మనసు నిజంగానే కుంగిపోయి ఉండవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టుకొస్తుందని చాలామంది భయపడతారు, కానీ అడగడం వల్ల ఆ ప్రమాదం పెరగదని పరిశోధనలు తేల్చాయి. అవునన్నా, తటపటాయించినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల దగ్గరికో కౌన్సెలర్ దగ్గరికో తీసుకువెళ్లండి.

ఆ అమ్మాయికి ఏం బాకీ ఉన్నాడో కూడా వాడికి తెలియాలి. క్షమించమని ఒక్కసారి అడగాలి, ప్రతిగా ఏమీ ఆశించకూడదు. ఆమె ఇక మాట్లాడనంటే అది ఆమె ఇష్టం, దాన్ని గౌరవించాలి. మీరు కొడుకు తరఫున రాయబారం నడపవద్దు, ఆమె ఇంటికి వెళ్లి నచ్చజెప్పే ప్రయత్నం చేయవద్దు.

ప్రశ్న: మేము నడిపే వసతిగృహంలో తల్లిదండ్రుల సంరక్షణ లేని పిల్లలు, ఇళ్లలో హింస చూసి వచ్చిన పిల్లలు ఉన్నారు. మంచి సంబంధం అంటే ఎలా ఉంటుందో వీళ్లు కళ్లతో చూడలేదు. వీళ్లకు ఇలాంటి నైపుణ్యాలు నేర్పడం సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. హవాయి దీవులలోని కవాయ్‌లో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం వాళ్లు నడివయసుకు వచ్చేదాకా గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల తాగుడు లేదా మానసిక అనారోగ్యం వంటి కష్టాలు ఒకటికి నాలుగు మీద పడ్డ పిల్లలలో కూడా దాదాపు మూడో వంతు మంది నమ్మదగిన, ఆప్యాయత గల పెద్దవారిగా ఎదిగారు. వాళ్లలో ఎక్కువమందికి కనిపించిన ఒక విషయం: తమను వదిలిపెట్టని పెద్దమనిషి కనీసం ఒక్కరైనా ఉండడం. ఆ మనిషి తల్లో తండ్రో కానక్కరలేదు, అవ్వ కావచ్చు, తాత కావచ్చు, పంతులు కావచ్చు. మీ దగ్గర ఆ మనిషి మీరే కావచ్చు.

అందుకే మీ వసతిగృహంలో పాఠాల కంటే ముందు నేను చూసేది పెద్దల ప్రవర్తనను. పిల్లలు చూసి నేర్చుకుంటారని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1961లోనే ప్రయోగంతో చూపించాడు. పెద్దవారు బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు తామూ అలాగే కొట్టారు. మీ సిబ్బంది ఒకరితో ఒకరు ఎలా విభేదిస్తున్నారో, వంటమనిషితో ఎలా మాట్లాడుతున్నారో పిల్లలు గమనిస్తూనే ఉంటారు. మీకు కోపం వచ్చి ఒక పిల్లవాడిని అందరి ముందు గద్దించారనుకోండి, సాయంత్రం అందరి ముందే “పొద్దున నేను అలా అనకుండా ఉండవలసింది” అని చెప్పండి. తగువు తర్వాత మళ్లీ కలవడం ఎలా ఉంటుందో కొందరు పిల్లలు అప్పుడే మొదటిసారి చూస్తారు. ఇచ్చిన మాట చిన్నదైనా నిలబెట్టుకోండి. ఆదివారం వస్తానంటే ఆదివారమే రండి. వదిలి వెళ్లిన మనుషులను చూసిన పిల్లలు మిమ్మల్ని పరీక్షిస్తారు, కావాలనే విసిగిస్తారు, ‘వెళ్లిపో’ అని అంటారు. మీరు వెళ్లకుండా ఉండడమే వాళ్లు ఆశించే జవాబు.

ఒక మాట మాత్రం ఎన్నడూ అనవద్దు: “మీ నాన్న లాగే తయారవుతున్నావు.” చిన్నప్పుడు హింస చూసిన పిల్లలందరూ హింసకు దిగరు, ఆ పని చేయకూడదన్న పట్టుదల వాళ్లలో చాలామందికి మనకంటే ఎక్కువగా ఉంటుంది. ఆ పట్టుదలకు తోడుగా, కోపం ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో గుర్తుపట్టడం, దవడ బిగుసుకున్నప్పుడే గది నుంచి బయటికి వెళ్లడం, తిరిగి వచ్చి మాట్లాడడం వంటి చిన్న చిన్న పనులు నేర్పండి. పాత గాయాలు ఎక్కువగా ఉన్నవారికి మీ ఒక్కరి వల్ల కాదు, శిక్షణ పొందిన కౌన్సెలర్ సాయం తీసుకోండి.

ప్రశ్న: నాకు 16 ఏళ్లు. నా ప్రాణస్నేహితురాలు ప్రేమిస్తున్న అబ్బాయి ఆమెను రెండుసార్లు కొట్టాడు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. “తనది తప్పేనని ఏడ్చాడు, ఇక కొట్టడు” అంటోంది. అతన్ని వదిలెయ్యమని ఆమెకు చెబితే నాతో మాట్లాడడం మానేసింది, నాలుగు రోజుల తర్వాత మళ్లీ మాట్లాడుతోంది. నేనేం చేయాలి?

జవాబు: ఆమె మళ్లీ నీ దగ్గరికి వచ్చిందంటే, నీ మీద ఆమెకు నమ్మకం ఉంది. ముందు ఆ నమ్మకాన్ని కాపాడుకో. వదిలెయ్యమని మళ్లీ మళ్లీ చెప్పకు. అలా చెబితే ఆ అబ్బాయిని వెనకేసుకొచ్చే పని ఆమెకు పెట్టినట్టవుతుంది. “నీకు జరిగింది నీ తప్పు కాదు. నువ్వు ఏం నిర్ణయించుకున్నా నేను నీతోనే ఉంటాను. కానీ నీకు దెబ్బ తగులుతుందని నాకు భయంగా ఉంది” అని చెప్పు. కొట్టిన తర్వాత ఏడవడం, క్షమించమనడం, కొన్నాళ్లు ఎంతో ప్రేమగా ఉండడం, మళ్లీ కొట్టడం, ఇది ఇలాంటి సంబంధాలలో తరచుగా కనిపించే క్రమం. ఆ ఏడుపు అబద్ధమని చెప్పి ఆమెతో వాదించవద్దు. ఏడుపు నిజమైనా కొట్టడం ఆగదని, ఇప్పటికే రెండోసారి జరిగిందని గుర్తుచేస్తే చాలు.

ఒట్టు సంగతి. స్నేహితురాలి ఇష్టాయిష్టాలను, ఆమె ఇంటి సంగతులను దాచడం వేరు, ఆమెకు దెబ్బలు తగులుతుంటే దాచడం వేరు. పెద్దవారు ఒకరికి చెప్పు, కానీ ఆ సంగతి ముందే ఆమెకు తెలియజేసి చెప్పు. “నేనొక్కదాన్నే దీన్ని మోయలేకపోతున్నాను. మనిద్దరం కలిసి ఎవరికి చెబుదాం?” అని ఆమెనే ఎంచుకోమను. అమ్మ కావచ్చు, టీచర్ కావచ్చు, అక్క కావచ్చు. ఎవరినీ ఎంచుకోనంటే, ఈ వారంలో నువ్వే ఫలానా టీచర్‌కు చెబుతున్నానని ముందుగా చెప్పి వెళ్లు. గొంతు పట్టుకున్నా, చంపుతానన్నా, చచ్చిపోతానన్నా, ఆయుధం చూపించినా ఆ వారం కూడా ఆగవద్దు, ఆ రోజే చెప్పు. ఆ అబ్బాయిని నువ్వు వెళ్లి నిలదీయకు, ఆ కోపం ఆమె మీదికే తిరుగుతుంది.

ఆమె నీ మీద అలగవచ్చు, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. నువ్వు మాత్రం రోజూ కనిపించినప్పుడు పలకరించు, ఆమె లేకుండా మిగతావాళ్లతో ఎక్కడికైనా వెళ్తుంటే ఆమెనూ పిలువు. మొదట చెప్పిన పెద్దవారు “మీ వయసులో ఇలాంటివి మామూలే” అని కొట్టిపారేస్తే, ఇంకొకరికి చెప్పు, వారూ వినకపోతే వేరొకరికి చెప్పు.